ఇత్తడి దుమ్ము

మంగళవారం పొద్దున పోలీసుల షూటింగ్ మైదానం నుంచి పదకొండు బకెట్లు వచ్చాయి. ట్వైలా హాగెన్ మొదటి బకెట్టును రేకు బల్ల మీదికి ఒంపింది. మసి పట్టిన ఖాళీ తూటాలు గలగలమంటూ బల్లంతా పరుచుకున్నాయి. కాల్చాక తూటా తల ఎటో పోతుంది, మిగిలేది ఈ ఇత్తడి గొట్టమే. దాన్ని శుభ్రం చేసి, మెరుగు పెట్టి, మళ్ళీ మందు కూరి, కొత్త తల బిగిస్తే మళ్ళీ పేలుతుంది. "మనిషికి ఒకటే చావు, దీనికి పది," అనేవాడు షెడ్డు యజమాని రాయిస్ ఆమ్‌డాల్.

ఆమె అయస్కాంతం తిప్పి ముందు ఇనుపవాటిని ఏరేసింది. తర్వాత సైజుల వారీగా, తొమ్మిది నంబరువి ఎడమ తొట్టిలోకి, నలభైవి కుడి తొట్టిలోకి, నలభై అయిదువి ఎదురుగా ఉన్న డబ్బాలోకి. ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుపోయినవాటిని బొటనవేలితో విడదీసింది. పేలని తూటా ఒకటి కనబడితే ఎర్ర డబ్బాలో వేసింది. పదమూడేళ్ళుగా చేస్తున్న పని. ఒకప్పుడు కళ్ళు మూసుకుని వేళ్ళతోనే పోల్చేది. ఏడాదిగా ప్రతిదాన్నీ వెలుతురులో పెట్టి చూడాల్సి వస్తోంది. వయసు అనుకుంది.

షెడ్డు అవతలి మూల కేలిన్ ప్రూయిట్ పీపా ఆపి మూత తీసింది. లోపల అక్రోటు పెంకుల నూకతో కలిసి నాలుగు గంటలు దొర్లిన ఇత్తడి బంగారంలా మెరుస్తోంది. దాంతోపాటు గోధుమరంగు దుమ్ము గుప్పుమని లేచింది. కేలిన్ మొహం పక్కకు తిప్పుకుని, ఊపిరి బిగబట్టి, మొత్తం జల్లెడలో పోసి ఆడించడం మొదలుపెట్టింది. దుమ్మును బయటికి తోలే గోడ ఫ్యాను గత శరదృతువులోనే చచ్చిపోయింది. ఆ కన్నంలోంచి మంచు కొడుతోందని రాయిస్ అట్ట ముక్క పెట్టి మేకులు కొట్టాడు. ఏప్రిల్ వచ్చినా అట్ట అట్లాగే ఉంది.

కేలిన్ జల్లెడ కింద పెట్టి వచ్చి బల్లకు ఆనుకుంది.

"ట్వైలా, నీకో మాట చెప్పాలి. అరవకూడదు."

"నేనెప్పుడు అరిచానే?"

"అదే భయం. అరిచినా బాగుండు. ఊరికే చూస్తావు."

కేలిన్ వేసుకున్నది మొగుడి పాత ఓవరాల్. దాని జిప్పు సగం దించి, లోపలి చొక్కా మీద అరచెయ్యి పెట్టి చూపించింది.

"ఐదో నెల."

"తెలుసు," అంది ట్వైలా. "మూడు వారాలుగా వంగి బకెట్టు ఎత్తట్లేదు నువ్వు. మోకాళ్ళ మీద కూచుని ఎత్తుతున్నావు."

"మరి అడగలేదేం?"

"నువ్వు చెప్పలేదుగా."

కేలిన్ నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది. "పోయిన వారం ఆస్పత్రిలో నర్సు, ఎక్కడ పని చేస్తావమ్మా అంది. చెప్పాను. అంతే, ఇంకో సీసాడు రక్తం లాగింది. నిన్న సాయంత్రం ఫోను చేసింది. ముప్పై ఒకటి అంట."

"ఏంటి ముప్పై ఒకటి?"

"సీసం. రక్తంలో. కడుపుతో ఉన్నవాళ్ళకి మూడున్నర ఉంటేనే కంగారు పడతారంట. తుపాకీ లేకుండానే తూటా తగిలించుకున్నావంటాడు మా ఆయన." ఆమె మెడ మీద దుమ్ము చెమటతో కలిసి చారలు కట్టింది. "తూటా తలలో కదా సీసం ఉండేది? తల పోయాక ఇంకేముంటుంది అనుకున్నా. అడుగున నిప్పంటించే బిళ్ళ ఉంటుందే, దాంట్లోనూ ఉంటుందంట. పేలినప్పుడు గొట్టం లోపల మసిలా అంటుకుంటుందంట. మనం దాన్ని దొర్లించి దుమ్ము చేస్తున్నాం."

ట్వైలా చేతిలోని గొట్టాన్ని చూసింది. లోపల నల్లగా ఉంది. దాన్ని ఎడమ తొట్టిలో వేసింది. ఇప్పుడు ఈ పిల్లను దగ్గరకు తీసుకోవాలని ఆమెకు తెలుసు. తెలియడం వేరు. భర్త ఆర్లో పోయిన రెండేళ్ళ నుంచీ ఏది ముట్టుకున్నా మందపాటి చేతితొడుగులోంచి ముట్టుకున్నట్టే ఉంటోంది. ఆర్లోను పూడ్చిపెట్టిన రోజున ఒక్క కన్నీటి చుక్క రాలేదు. "రాయి, ఒట్టి రాయి" అని ఆడపడుచు అందరూ వినేట్టే అంది. కాదనడానికి ట్వైలా దగ్గర ఏమీ లేకపోయింది.

"రాయిస్‌కి చెప్పావా?" అంది చివరికి.

"నే చెప్పక్కర్లేదు. ఆస్పత్రివాళ్ళు పైకి రాసి పంపుతారంట. తనిఖీకి వస్తారు."

ట్వైలా ఇంకేదైనా అంటుందేమోనని కేలిన్ కాసేపు చూసి, జిప్పు పైకి లాక్కుని మళ్ళీ జల్లెడ దగ్గరకు వెళ్ళింది.

బుధవారం మధ్యాహ్నం రాయిస్ ట్వైలాను ఆఫీసు గదిలోకి పిలిచాడు. అరవై రెండేళ్ళ భారీ మనిషి. కనుబొమల మీద ఎప్పుడూ కాస్త గోధుమరంగు దుమ్ము ఉంటుంది. తనే కాఫీ పోసి ఇచ్చాడు. ఆర్లో పోయాక రెండు శీతాకాలాలూ మంచు పడ్డప్పుడల్లా చెప్పకుండా వచ్చి ట్వైలా ఇంటి దారిలో మంచును తన ట్రాక్టరుతో తోసి వెళ్ళినవాడు అతనే. ఎవరూ అడగలేదు, అతనూ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు.

"రేపు వస్తున్నారు," అన్నాడు. "ఇది చదువు."

కాగితం మీద నాలుగు వరసలున్నాయి. మార్చి మూడో తేదీన పనివాళ్ళిద్దరికీ సీసం ప్రమాదం గురించి వివరంగా చెప్పడమైనది, మాస్కులు ఇవ్వడమైనది, పని దగ్గర తినరాదని, తాగరాదని హెచ్చరించడమైనది. కింద రెండు సంతకాలకు రెండు గీతలు.

"మార్చి మూడున మనం మూసే ఉన్నాం రాయిస్. మంచు తుఫాను."

రాయిస్ కాగితం వెనక్కి తీసుకుని, మూడును దిద్ది అయిదు చేశాడు.

"ఇప్పుడు సరిపోయిందా?"

"మాస్కులేవి?"

అతను గోడవారనున్న అట్టపెట్టెను బూటుతో చూపించాడు. పెట్టె ఇంకా విప్పలేదు. "ఉన్నాయిగా. ఆ పిల్ల వేసుకోదని నువ్వంటే చాలు. వేసుకోదుగా మరి? అది అబద్ధం కాదు. కడుపు సంగతి దాచింది కూడా తనే. నాకు ముందే చెప్పి ఉంటే షెడ్డులో అడుగు పెట్టనిచ్చేవాణ్ణా?"

"పెట్టనిచ్చేవాడివి కాదు. అందుకే చెప్పలేదు."

"చూడు ట్వైలా." అతని గొంతు తగ్గింది. "నేను చెడ్డవాణ్ణా? పదమూడేళ్ళు చూశావు. షెడ్డు మూతపడితే నాకూ లేదు, నీకూ లేదు, ఆ పిల్లకీ లేదు. ఈ చుట్టుపక్కల నలభై మైళ్ళలో నీకింకెవడు పనిస్తాడు?"

ట్వైలాకు కోపం రాలేదు. భయమూ వేయలేదు. కిటికీ బయట మసెల్‌షెల్ నది ఒడ్డున మంచు కరిగి బురద మెరుస్తోంది. ఎవరో తన చేత్తో రాస్తున్నట్టు పెన్ను తీసుకుంది. వేళ్ళకు పట్టు చిక్కక పెన్ను ఒకసారి జారింది. రెండోసారి గట్టిగా పట్టుకుని సంతకం పెట్టింది.

ఒక గంట తర్వాత కేలిన్‌ను పిలిచాడు. తలుపు తెరిచే ఉంది. ట్వైలా బల్ల దగ్గర ఇత్తడి ఏరుతూ అంతా విన్నది. చాలాసేపు కాగితం చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత పెన్ను బల్ల మీద పెట్టిన చప్పుడు.

"నేను పెట్టను," అంది కేలిన్ గొంతు.

"సరే. పెట్టకు. ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకో. ఇదంతా తేలాక చూద్దాం."

కేలిన్ బయటికొచ్చి కోటు తీసుకుంది, తిండి డబ్బా తీసుకుంది. ట్వైలా ముందు ఆగింది.

"మీరు సంతకం పెట్టారు."

ట్వైలా ఇంకో గొట్టం తీసి వెలుతురులో పెట్టి చూసింది.

"నేను చేరిన మొదటి రోజు మీరు చెప్పింది ఒక్కటే నాకు గుర్తుంది. నాలుక మీద నాణెం రుచి తగులుతుంది, కంగారు పడకు, నెలలో అలవాటైపోతుంది అన్నారు." గొంతు పెంచలేదు. "అలవాటైపోయింది. ఇప్పుడు తగలనే తగలదు."

ఆమె ట్రక్కు ఇంజను మొదటిసారి అందుకోలేదు. రెండోసారి అందుకుంది. ఆ చప్పుడు రోడ్డెక్కి పోయేదాకా ట్వైలా చేతులు ఆగలేదు. నలభైవి కుడికి, తొమ్మిదివి ఎడమకి.

గురువారం తనిఖీకి వచ్చినావిడ పేరు కోవాక్. పొట్టిగా, జలుబు చేసి ఉంది. పెద్దగా ఏమీ మాట్లాడలేదు. చేతితొడుగులు మార్చి మార్చి, దుమ్ములో సీసం ఎంతుందో పరీక్షించడానికి తడి గుడ్డ ముక్కలతో ఒక్కో చోటా తుడిచి, ఒక్కోదాన్నీ ఒక్కో ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి మూత బిగించింది. బల్ల తుడిచింది. పీపా మూత తుడిచింది. తర్వాత కాఫీ యంత్రం పిడి, ఫ్రిజ్ తలుపు, ట్వైలా తన తిండి పెట్టుకునే అర, ఆఖరికి రాయిస్ ట్రక్కు స్టీరింగు కూడా తుడిచింది. గోడకున్న అట్టను చూసి, చూపుడువేలితో ఒకసారి తట్టి, ఏదో రాసుకుంది.

"మార్చి అయిదున మీకు సీసం గురించి చెప్పారా?"

"చెప్పారు," అంది ట్వైలా.

"మాస్కు ఇచ్చారా?"

"ఇచ్చారు."

"ఆ ఇంకో అమ్మాయి వేసుకునేది కాదా?"

"వేసుకునేది కాదు."

కోవాక్ ఆమె మొహంలోకి రెండు క్షణాలు చూసి, తన ఫోను నంబరున్న చిన్న కార్డు ఇచ్చింది. మూడు జవాబులూ ఎంత తేలిగ్గా వచ్చాయో ట్వైలాకే వింతగా అనిపించింది.

ఆస్పత్రి నుంచి వచ్చిన నర్సు మార్వా రక్తం తీయడానికి వాకిట్లో వ్యాను ఆపింది. "నాకు సూది పడదు," అని రాయిస్ పీపాల వెనక్కి పోయాడు. బలవంతపెట్టే అధికారం తనకు లేదంది మార్వా. ట్వైలా చొక్కా చెయ్యి పైకి మడిచి కూర్చుంది.

శుక్రవారం షెడ్డులో ఆమె ఒక్కతే. కొత్త మాస్కు కట్టుకుంది. దాని రబ్బరు చెవుల వెనక కోస్తోంది. కేలిన్ వదిలి వెళ్ళిన తొట్టి సగంలో ఉంది. పైన కనిపించేవన్నీ ఒకే నంబరువి. కేలిన్ చెయ్యి తప్పు చేయదు. మూడేళ్ళ కిందట ఆ పనితనం నేర్పింది తనే. ఎలా పట్టుకోవాలో, అంచు చీలితే చెవి దగ్గర పెట్టి తడితే మొద్దు చప్పుడు ఎలా వస్తుందో, అన్నీ నేర్పింది. ఫ్యాను ఆగిన రోజున ఏం చేయాలో నేర్పలేదు. ఆ తొట్టి పూర్తి చేసి, పీపాలో పోసి, మూత బిగించి మీట నొక్కింది. పీపా దొర్లుతుంటే తిండి డబ్బా విప్పి, అక్కడ తినకూడదని గుర్తొచ్చి, మళ్ళీ మూసింది. ఆకలి కూడా వేయలేదు.

సోమవారం పొద్దున్నే మార్వా ఆస్పత్రికి రమ్మంది. తలుపు మూసి, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"యాభై ఎనిమిది, ట్వైలా గారూ."

"ఎక్కువా?"

"చాలా ఎక్కువ. ఇవాళ్టి నుంచి మీరు ఆ షెడ్డు పని చేయకూడదు. రేపు పెద్దాస్పత్రిలో డాక్టరుకు చూపిస్తున్నాం. కొన్ని అడుగుతాను, ఉన్నదున్నట్టు చెప్పండి. వేళ్ళు మొద్దుబారుతున్నాయా?"

"చలికి."

"ఎండాకాలంలో?"

ట్వైలా ఆలోచించింది. "ఎండాకాలంలోనూ."

"కాళ్ళు?"

"అవీ."

"నిద్ర, మతిమరుపు, విసుగు?"

"విసుగు లేదు. ఏదీ లేదు."

"ఏదీ లేదంటే?"

"ఏదీ అనిపించదు. మా ఆయన పోయినప్పుడు కూడా ఏడుపు రాలేదు. అది మీ కాగితంలో రాయనక్కర్లేదు. నేనంతే. రాయిని."

మార్వా పెన్ను కింద పెట్టింది. "ఎవరన్నారు?"

"అందరూ. నేనూ."

"ఆయన పోయి ఎన్నాళ్ళయింది?"

"రెండేళ్ళు."

నర్సు కుర్చీ ఇంకాస్త దగ్గరకు జరుపుకుంది. "చూడండి, ఫలానాది సీసం వల్ల, ఫలానాది దుఃఖం వల్ల అని నేను విడదీసి చెప్పలేను. ఎవరూ చెప్పలేరు. దుఃఖంలోనూ కొందరికి ఏడుపు రాదు. కానీ ఇది నిన్నా మొన్నా చేరింది కాదు. ఎముకల్లో ఏళ్ళ తరబడి పేరుకుని ఉంటుంది. ఇంత సీసం ఒంట్లో ఉన్న మనిషికి ఏదీ అనిపించకపోతే, అందులో వింతేమీ లేదు. మీరు రాయి కాదు. మీకు ఒంట్లో బాగాలేదు."

ట్వైలా కారులో కూర్చుని తాళంచెవి తిప్పకుండా చాలాసేపు ఉండిపోయింది. రెండేళ్ళుగా ప్రతి ఆదివారం ఆర్లో సమాధి దగ్గర నిలబడి, తనలో ప్రేమ అనేది ఎప్పుడైనా ఉందా అని తనను తానే నిలదీసుకుంది. లేదనే తీర్పు చెప్పుకుంది. ఆ తీర్పు కింద తలవంచుకుని బతికింది. ఇప్పుడు ఒక అంకె వచ్చి, అది నీ నేరం కాకపోవచ్చు అంటోంది. కాకపోవచ్చు, అంతే. ఇనుమునూ ఇత్తడినీ అయితే అయస్కాంతం విడదీస్తుంది. దీన్ని విడదీసేదేమీ లేదు. ఏడుపు వస్తుందేమోనని ఎదురుచూసింది. రాలేదు. కానీ ఒక్కటి మాత్రం తెల్లకాగితం మీద రాసినట్టు స్పష్టంగా కనిపించింది. తనకు అంకె వచ్చింది, జబ్బుకో పేరు వచ్చింది, రేపు డాక్టరు చూస్తాడు. కేలిన్‌కు అంకెతోపాటు వచ్చింది మాత్రం, తను పెట్టిన సంతకం, ఆ పిల్లే మాస్కు వేసుకోలేదని తను చెప్పిన మాట.

ఆమె షెడ్డుకు వెళ్ళేసరికి రాయిస్ ఒక్కడే పీపా మూత తీస్తున్నాడు. మాస్కు మేకుకు వేలాడుతోంది. ఆమెను చూసి దుమ్ములోంచి ఇవతలికి వచ్చాడు.

"ఎంతన్నారు?"

"యాభై ఎనిమిది. రాయిస్, నేను కోవాక్‌కి ఫోను చేస్తాను. ఆ కాగితం మార్చిలో రాసింది కాదని చెబుతాను. నీ వెనకాల చెప్పడం ఇష్టంలేక వచ్చాను."

రాయిస్ తిరగేసి ఉన్న బకెట్టు మీద బరువుగా కూర్చున్నాడు.

"నీ దారిలో మంచు తోశాను," అన్నాడు చివరికి. మొదటిసారి ఎత్తాడు ఆ మాట.

"తోశావు. దానికి నీకు దణ్ణం పెడతాను. దీనికి అది చెల్లు కాదు."

"నాకు అంకె తెలీదు," అన్నాడు రాయిస్ నేల చూస్తూ. "చూపించుకోలేదు."

"తెలుసు. చూపించుకో."

"చూపించుకుంటే మూసెయ్యాలి." రెండు చేతులూ ముందుకు చాచాడు. వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. "ఫ్యాను పోయినప్పుడే ఇట్లా అవుతుందనుకున్నా. పొద్దుటే గుండీలు పెట్టుకోలేకపోతున్నా ట్వైలా. మా ఆవిడ పెడుతోంది."

"అయితే నీకు తెలుసు."

అతను తల ఊపాడు. అవునన్నట్టో, చాల్లే అన్నట్టో.

ట్వైలా ఆఫీసు గదిలో ఫోనెత్తి, కార్డు చూసి ఒక్కో అంకె నొక్కింది. తలుపు తెరిచే ఉంచింది. "మార్చి అయిదున మాకెవరూ ఏమీ చెప్పలేదు. ఆ కాగితం పోయిన బుధవారం రాసింది. మాస్కులు ఆ తర్వాతే విప్పారు. ఆ అమ్మాయికి పని నేర్పింది నేను. నేను కూడా ఏమీ చెప్పలేదు." అవతల కోవాక్ దగ్గింది. ఇదంతా రాతపూర్వకంగా ఇవ్వాలంది. మొదట అబద్ధం చెప్పిన సంగతి కూడా అందులో ఉంటుంది, దానికి మీరు జవాబు చెప్పుకోవాలి, ఆలోచించుకోండి అంది.

"ఆలోచించాను. రాసిస్తాను," అంది ట్వైలా.

బయటికొచ్చేసరికి రాయిస్ ఒక్కో పీపా దగ్గరకూ వెళ్ళి మీట కట్టేస్తున్నాడు. షెడ్డులో ఇన్నేళ్ళలో పట్టపగలు అంత నిశ్శబ్దం ఆమె వినలేదు.

కేలిన్ వాళ్ళుండే చక్రాల ట్రెయిలర్ ఇల్లు ఊరికి ఆ చివర, ధాన్యం గాదెల వెనక. మంచూ వానా కలిసి పడుతున్నాయి. ట్వైలా ఇనుప మెట్లెక్కి తలుపు తట్టింది. కేలిన్ జానెడు తెరిచింది.

"అక్కడే ఆగండి. షెడ్డు నుంచేనా?"

"అవును."

"బూట్లు విప్పండి. మేజోళ్ళు కూడా. ఆ కోటు కింద పడేయండి. నా ఇంట్లోకి ఇంకొక్క రవ్వ రాకూడదు."

ట్వైలా కమ్మీ పట్టుకుని బూట్లు విప్పింది. మేజోళ్ళు తీసి వాటిలో కుక్కింది. కోటు విప్పి మెట్ల కిందికి జారవిడిచింది. తడి ఇనుప మెట్టు మీద ఉత్తికాళ్ళతో నిలబడి, ఫోను చేసిన సంగతి, కాగితం సంగతి, కోవాక్ అన్నదీ చెప్పింది. రాయిస్ పీపాలు ఆపేశాడనీ చెప్పింది.

కేలిన్ తలుపు అంచు పట్టుకుని వింది. ఒక చెయ్యి పొట్ట మీద ఉంది.

"ఇప్పుడెందుకు చెప్పారు? మీ అంకె వచ్చిందనా?"

"అవును."

"రాకపోతే?"

"చెప్పేదాన్నో లేదో నాకు తెలీదు," అంది ట్వైలా. "చెప్పేదాన్ననే అనాలనుంది. తెలీదు."

కేలిన్ ఆ జవాబును నమ్మాలా వద్దా అన్నట్టు చూసింది. "బిడ్డకెలా ఉందో పుట్టేదాకా తెలీదంట," అంది. "పుట్టాక కూడా వెంటనే తెలీదంట. నడవాలి, మాట్లాడాలి, బడికెళ్ళాలి. అన్నేళ్ళూ నేను చూస్తూ ఉండాలి."

ట్వైలాకు క్షమించమనే మాట నోటిదాకా వచ్చింది, మరీ చిన్నదిగా తోచి ఆగిపోయింది. వాన చినుకులు మంచు పలుకులై మెట్ల మీద టపటప పడుతున్నాయి. తలుపు మూసుకుంటే వెనక్కి వెళ్ళిపోదామని నిలబడింది. కేలిన్ మూయలేదు. ఆమె చూపు కిందికి దిగి అక్కడే నిలిచిపోయింది.

"నీ కాళ్ళు చూడు ట్వైలా. నీలంగా అయిపోయాయి. చలి తెలీట్లేదా?"

ట్వైలా తల వంచి చూసుకుంది. వేళ్ళ మధ్య మంచు పలుకులు కరగకుండా అట్లాగే ఉన్నాయి. ఆ కాళ్ళు ఎవరివో అన్నట్టు ఉన్నాయి.

"తెలీట్లేదు," అంది.

 కేలిన్ తలుపు పూర్తిగా తీసి, ఆమె మోచెయ్యి పట్టుకుని లోపలికి లాగింది.